చల్లగా ఉంటే టిక్ టిక్, వేడెక్కితే మాయం: హెడ్ దించే ముందు చూడాల్సినవి

పాత పెట్రోల్ కారు, పొద్దున స్టార్ట్ చేయగానే టిక్ టిక్ అని చప్పుడు, పది నిమిషాలు నడిపాక తగ్గిపోతోంది, మెకానిక్ ‘టాపెట్లు పోయాయి, హెడ్ దించాలి’ అన్నాడు. ఇదే కదా మీ సమస్య? టాపెట్లంటే ఇంజిన్‌లోకి గాలిని, బయటికి పొగను వదిలే వాల్వుల్ని నొక్కి తెరిచే భాగాలు. హెడ్ అంటే వాల్వులుండే ఇంజిన్ పై భాగం. దాన్ని దించడానికి అప్పుడే ఒప్పుకోకండి. నా పాత కారూ ఇలాగే మొదలుపెట్టింది, నాకూ ఇదే మాట చెప్పారు. చివరికి బయటపడింది ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ (హెడ్ నుంచి పొగను బయటికి తీసుకెళ్లే గొట్టాల భాగం) దగ్గర విరిగిపోయిన ఒక స్టడ్డు, అంటే దాన్ని హెడ్‌కు బిగించే బోల్టు లాంటిది.

ముందు ఆయిల్ సంగతి తేల్చుకోండి. బండి సమతలంగా ఉన్నచోట ఆపి, డిప్‌స్టిక్ తుడిచి చూడండి. తక్కువుంటే మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయండి.

ఆయిల్ సరిగ్గా ఉందనుకుందాం. మీది హైడ్రాలిక్ టాపెట్ల (లోపల ఆయిల్ నిండి గ్యాప్ తామే సర్దుకునేవి) ఇంజిన్ అయితే, రాత్రంతా నిలబడినప్పుడు వాటిలోని ఆయిల్ కారిపోతుంది. స్టార్ట్ చేశాక కొన్ని సెకన్లు టకటకలాడి, ఆయిల్ నిండగానే ఊరుకుంటాయి. పది నిమిషాలు పట్టిందంటే మాత్రం నా అనుమానం లీకు మీదికే పోతుంది. మేనిఫోల్డ్‌కీ హెడ్‌కీ మధ్య సన్నటి సందుంటే, ఆ సిలిండర్ పొగ వదిలిన ప్రతిసారీ టిక్‌మంటుంది. లోహం వేడెక్కి సాగేసరికి ఆ సందు మూసుకుపోతుంది, చప్పుడూ పోతుంది.

చప్పుడు వేగాన్ని బట్టి కనిపెట్టొచ్చని కొందరు చెబుతారు. ఇక్కడ ఆ లెక్క పనిచేయదు. వాల్వు తెరుచుకునేదీ, సిలిండర్ పొగ వదిలేదీ క్రాంక్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) రెండు చుట్లకు ఒక్కసారే. బండి నిలబడి ఇంజిన్ ఐడిలింగ్‌లో నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే రెండూ నిమిషానికి 400 సార్లే. అందుకే అనుభవమున్న చెవులు కూడా పొరబడతాయి.

తేడా తెలిసేది లోడ్ పడినప్పుడు. ఇంజిన్ చల్లగా ఉండగానే ఎత్తు ఎక్కించి చూడండి. లీకైతే చప్పుడు బాగా పెరుగుతుంది, టాపెట్ అయితే పెద్దగా మారదు. ఇంకో పరీక్ష: ఇంజిన్ ఆపి, సిలిండర్‌కి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లలో ఒక్కోదాని కనెక్టర్ ఊడదీసి స్టార్ట్ చేయడం. లీకున్న సిలిండర్ వంతు వచ్చినప్పుడు టిక్ మెత్తబడుతుంది. ప్లగ్గు వైరు మాత్రం పీకొద్దు, మండని పెట్రోల్ వెళ్లి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది.

చల్లటి ఇంజిన్ మీదే, టార్చ్ వేసి మేనిఫోల్డ్ అంచుల వెంట నల్లటి మసి చార ఉందేమో వెతకండి. వేడిని ఆపే రేకు, హీట్ షీల్డ్, అడ్డుంటే విప్పక తప్పదు. చివర్లలో ఉండే స్టడ్లు ముందు చూడండి, మేనిఫోల్డ్ సాగినప్పుడు ఎక్కువ గుంజుకునేది అక్కడే కాబట్టి ఎక్కువగా విరిగేవీ అవే. నాది కూడా చివరిదే. కొత్త స్టడ్డు, మేనిఫోల్డ్‌కీ హెడ్‌కీ మధ్య పెట్టే కొత్త గ్యాస్కెట్‌తో చప్పుడు పోయింది. విరిగిన ముక్కను హెడ్‌లోంచి తీయడమే అసలు తలనొప్పి. ఆ పని తొందరపడని చేతికి అప్పజెప్పండి.

మసి ఎక్కడా లేదు, మీవి చేత్తో సెట్ చేసే టాపెట్లు అయితే ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నటి రేకులు) వాల్వు గ్యాప్ కొలిపించండి. ఎంత ఉండాలో, వేడి మీద చూడాలో చల్లగా చూడాలో మాన్యువల్‌లో ఉంటుంది. చప్పుడు పోవాలని గ్యాప్ మరీ తగ్గించనివ్వకండి. వాల్వు పూర్తిగా మూసుకోకపోతే కాలిపోతుంది, అప్పుడు నిజంగానే హెడ్ దించాల్సి వస్తుంది.