బీపీ మాత్ర ఇన్సులిన్‌ను అడ్డుకుంటుందా?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. కావలి దగ్గర రొయ్యల చెరువులు చూసుకుంటాను. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, బీపీకి ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. వాడుతున్నాను. ఇన్సులిన్ రావాలంటే కాల్షియం కావాలని, ఆమ్లోడిపిన్ దాన్నే అడ్డుకుంటుందని ఒక వీడియోలో చెప్పారు. ఆ మాత్ర మానేసి కాల్షియం బిళ్లలు వేసుకోవచ్చా?

సలహా: రెండూ వద్దు. వీడియోలో చెప్పింది అబద్ధం కాదు గానీ, సగంలో వదిలేశారు.

క్లోమగ్రంథిలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణంలోకి చేరిన గ్లూకోజ్ శక్తిగా మారగానే కణపొరలోని పొటాషియం ద్వారాలు మూసుకుంటాయి. దాంతో పొర మీది విద్యుత్తు మారి కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి. కాల్షియం లోపలికన్నా బయట సుమారు పది వేల రెట్లు ఎక్కువ. తూము ఎత్తితే చెరువులోకి నీళ్లు దూకినట్టు లోపలికి దూకుతుంది. ఆ ఉధృతికే ఇన్సులిన్ సంచులు పొరకు అతుక్కుని రక్తంలోకి తెరుచుకుంటాయి. ఆ వెంటనే కణం కాల్షియాన్ని బయటికి, లోపలి నిల్వల్లోకి తోడేస్తుంది. టైప్ 2 మధుమేహంలో ఈ తోడే పనీ కుంటుపడుతుంది.

అంటే లోపం కణం యంత్రాంగంలో ఉంది, మీ తిండిలో కాదు. రక్తంలో కాల్షియం డెసిలీటరుకు సుమారు 8.5–10.5 మి.గ్రా. దాటకుండా పారాథైరాయిడ్ గ్రంథులు చూసుకుంటాయి. బిళ్లలు మింగితే ఇన్సులిన్ పెరగదు.

ఆమ్లోడిపిన్ మోతాదు విపరీతంగా మించితే ఇన్సులిన్ తగ్గి చక్కెర పెరిగే మాట నిజమే. మీరు వాడే 5 మి.గ్రా.తో ఆ భయం లేదు. పైగా ఇదే కోవకు చెందిన వెరాపమిల్, కొత్తగా టైప్ 1 మధుమేహం వచ్చినవారిలో బీటా కణాలను కొంత కాపాడుతున్నట్టు 2018, 2023 పరిశోధనల్లో కనిపించింది. అలాగని మీరు దాన్ని కొనుక్కోకండి.

నా ఆందోళన నిజానికి గ్లిమెపిరైడ్ గురించి. అది గ్లూకోజ్ కోసం ఎదురుచూడదు. పొటాషియం ద్వారాలను తానే మూసేస్తుంది. మీరు భోజనం చేసినా, చెరువు గట్టు మీద ఆలస్యమైనా ఇన్సులిన్ వస్తూనే ఉంటుంది. షుగర్ మరీ పడిపోయి చెమట, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాల తర్వాత షుగర్ చూసుకోండి. షుగర్ ఇంకా తక్కువగానే ఉంటే మళ్లీ తాగండి. మీ భోజనాల వేళలు డాక్టరుకు చెప్పండి. మాత్ర మార్చాల్సి రావచ్చు. ఆమ్లోడిపిన్‌తో చీలమండలు వాస్తున్నాయేమో కూడా అప్పుడే చూపించుకోండి.