కొత్త రోబోలు కొనేముందు ఒక్కో ర్యాక్ నుంచి ఎన్ని వస్తువులు తీస్తున్నారో చూడండి

ర్యాకులను మోసుకొచ్చే రోబోలు పెట్టినా పికింగ్ (ఆర్డర్లకు కావలసిన వస్తువులను ర్యాకుల నుంచి తీయడం) వేగం పెరగలేదనీ, మరికొన్ని కొనాలా అనీ మీరు అడిగారు. ఇలాంటి వేర్‌హౌస్‌లోనే పికింగ్ ప్రణాళిక చూస్తున్న అనుభవంతో చెబుతున్నాను, ఇప్పుడే కొనకండి.

ముందు రద్దీ వేళలో స్టేషన్ (రోబోలు తెచ్చిన ర్యాకుల నుంచి పికర్ వస్తువులు తీసే చోటు) దగ్గర నిలబడి, ఎవరు ఎవరికోసం ఎదురుచూస్తున్నారో గమనించండి. పికర్ ఖాళీగా నిలబడుతుంటే రోబోలు చాలడం లేదని అనుకోవచ్చు. కానీ రోబోలే బారులు తీరి ఉంటే, కొత్తగా కొన్నవి కూడా ఆ బారు చివరే చేరతాయి.

మా దగ్గర బారులే కనిపించేవి. ర్యాక్ వచ్చాక పికర్ ఒక షాంపూ సీసా తీసి, స్కాన్ చేసి, దీపం వెలిగిన ఆ ఆర్డర్ డబ్బాలో వేసేవాడు. అంతే, సరుకుతో నిండుగా ఉన్న ఆ ర్యాక్ వెనుదిరిగి, కాసేపటికి మరో సీసా కోసం మళ్లీ వచ్చేది. ర్యాక్ మారడానికి 12 సెకన్లు, ఒక వస్తువు తీయడానికి 6 సెకన్లు అనుకుందాం. వచ్చినప్పుడల్లా ఒక్కటే తీస్తే గంటకు 200 వస్తువులు, మూడేసి తీస్తే 360. రోబోల సంఖ్య మారకుండానే ఇంత తేడా వస్తుంది.

దీనికి అసలు కారణం ఆర్డర్లను వచ్చిన వరుసలోనే స్టేషన్లకు పంపడం. ఒక ఆర్డర్ పూర్తయి దాని డబ్బా చోటు ఖాళీ అయినప్పుడు, ఇప్పటికే దారిలో ఉన్న ర్యాకులతో ఎక్కువ భాగం పూర్తయ్యే ఆర్డర్‌ను ఎంచుకునేలా నియమం మార్చాం. లారీ బయలుదేరే వేళ దగ్గరపడిన ఆర్డర్లకు మాత్రం ఎప్పుడూ మొదటి స్థానమే. ఆర్డర్లను జట్లుగా కూర్చడం సాధారణంగా ఎన్‌పీ-హార్డ్ సమస్య (ఆర్డర్లు పెరిగేకొద్దీ అత్యుత్తమ జవాబు వెతకడం కంప్యూటర్‌కూ చాలా కష్టమయ్యే రకం) కాబట్టి, అత్యుత్తమ పరిష్కారం కోసం కంప్యూటర్‌ను గంటలకొద్దీ నడపడం కన్నా, ఇలాంటి సులువైన నియమాన్ని డబ్బా చోటు ఖాళీ అయిన ప్రతిసారీ వర్తింపజేయడమే మేలని నా అభిప్రాయం.

తర్వాత సరుకు సర్దే తీరు చూడండి. బాగా అమ్ముడయ్యే వస్తువునంతా ఒకే ర్యాక్‌లో పోగుచేస్తే అన్ని స్టేషన్లూ దానికోసమే పోటీపడతాయి కనుక, దాన్ని కొన్ని ర్యాకుల్లో పంచండి. టూత్‌పేస్టు, బ్రష్షుల్లా జంటగా అడిగేవాటిని ఒకేచోట ఉంచండి. పని ముగిసిన ర్యాక్ పాత చోటికే వెళ్లాల్సిన అవసరం లేదు, త్వరలో మళ్లీ కావలసిందైతే స్టేషన్‌కు దగ్గర్లోనే నిలపవచ్చు. కొత్త సరుకు నింపే పనికీ అవే రోబోలు వాడుతుంటే, దాన్ని రద్దీ లేని వేళలకు జరపండి.

మీ పికింగ్ లాగ్‌లో ర్యాక్ నంబరు, స్టేషన్, సమయం ఉంటే, ర్యాక్ వచ్చిన ప్రతిసారీ సగటున ఎన్ని వస్తువులు తీశారో లెక్కించవచ్చు. ఆ సంఖ్య, మీ స్టేషన్‌లో ఒకేసారి పట్టే డబ్బాల సంఖ్య చెబితే, ఇంకెంత వేగం రాబట్టవచ్చో అంచనా వేయగలను.