గులకరాయికి మెరుగు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: బాసర దగ్గర గోదావరి ఒడ్డున రంగురంగుల గులకరాళ్లు ఏరుకొచ్చాం. నీళ్లలో నిగనిగలాడినవి ఇంటికొచ్చి ఆరేసరికి వెలవెలబోయాయి. వార్నిష్ పూస్తే సరిపోతుందా? అసలు నగలకు ఎలాంటివి ఏరాలి? (పాఠకురాలు, నిజామాబాద్)

జవాబు: వార్నిష్ వద్దండి. ఏటి రాయి మీద కంటికి ఆనని సన్నని గాట్లు ఉంటాయి. తడిగా ఉన్నంతసేపు వాటిని నీరు నింపుతుంది కాబట్టి వెలుతురు చెదరదు, లోపలి రంగు తేటగా కనిపిస్తుంది. ఆరగానే రాయి తెల్లబారుతుంది. వార్నిష్ కూడా నీరు చేసిన పనే చేస్తుంది, కాకపోతే చెమటకూ రాపిడికీ కొన్నాళ్లకు పొరలుగా లేచిపోతుంది. ఆ గాట్లను అరగదీయడమే అసలైన మెరుగు.

మీరు ఏరిన చోటు మంచిదే. గోదావరి పుట్టిన దగ్గర్నుంచీ దక్కన్ లావా రాతి మీదుగా వస్తుంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి ఆ నల్లరాతి బుడగల్లో సిలికా పేరుకుని అగేట్, కాల్సెడొనీ, జాస్పర్ ఏర్పడ్డాయి. చుట్టూ ఉన్న రాయి శిథిలమైనా ఇవి మిగిలి ఏటి వెంట దొర్లుకొస్తాయి. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ కొలతలో ఇవి 6.5 నుంచి 7. స్టీలు చాకు మొనతో గీయండి. గాటు పడితే ఆ రాయి మెత్తనిది. చాకు అరిగి బూడిదరంగు గీత మిగిలితే గట్టిది. తర్వాత రాయి వెనక టార్చి పెట్టండి. అంచు దగ్గర తేనెరంగులోనో పాలరంగులోనో వెలుగు దిగితే అగేట్ జాతి కావచ్చు. జాస్పర్‌లో వెలుగు దూరదు, కానీ పగిలిన చోట గరుకు లేకుండా నున్నగా ఉంటుంది. ఉప్పుపలుకుల్లా గింజలు కనిపించే రాళ్లను, నెర్రె ఉన్నవాటిని అక్కడే వదిలేయండి.

ప్రశ్న: కృష్ణ ఒడ్డున ఏరిన రాళ్లను రాళ్లు దొర్లించే యంత్రంలో, అదే టంబ్లర్‌లో, నెల రోజులు తిప్పాను. కొన్ని మెరిశాయి, కొన్ని మసకగానే ఉన్నాయి, కొన్నిటి మీద నెలవంకల్లాంటి తెల్లటి మచ్చలు పడ్డాయి. పాలిష్ పొడి నాసిరకమా? (పాఠకుడు, గుంటూరు)

జవాబు: పొడిని అనుమానించే ముందు రాళ్లను చూడండి. కృష్ణ పల్నాటి సున్నపురాయి మీదుగా వస్తుంది కాబట్టి అక్కడి గులకరాళ్లలో సున్నపురాయి తప్పకుండా కలుస్తుంది. దాని గట్టిదనం 3 మాత్రమే. అగేట్‌తో కలిపి తిప్పితే అది అరిగి బురదవుతుంది. ఆ బురద చిక్కబడి, రాళ్లను అరగదీసే కార్బొరండం పొడి రేణువులను కోయనివ్వదు. ఒక చుక్క నిమ్మరసం వేసి చూడండి, బుసబుస నురగ వస్తే సున్నపురాయే. గ్రానైట్, ఇసుకరాయి చేసే చెరుపు వేరు. వాటి నుంచి గింజలు ఊడి, చివరి దశలో మిగతా రాళ్లన్నిటినీ గీస్తాయి.

నెలవంక మచ్చలకు కారణం పీపా వెలితిగా ఉండటం. మూడింట రెండు వంతులకు తగ్గితే రాళ్లు ఒకదాని మీద ఒకటి జారవు, ఎగిరి పడతాయి. నాలుగింట మూడు వంతుల దాకా నింపండి. రాళ్లు చాలకపోతే సిరామిక్ గుళికలు కలపండి. పెద్దవీ చిన్నవీ కలిసి ఉంటేనే అన్ని మూలలూ అరుగుతాయి.

కిలో రాళ్లకు 60/90 నంబరు కార్బొరండం (నంబరు పెరిగేకొద్దీ పొడి సన్నన) నాలుగు పెద్ద చెంచాలు వేసి, పైవరుస రాళ్ల కిందిదాకా నీళ్లు పోయండి. ఏడు రోజుల తర్వాత తీసి కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఏటవాలు వెలుతురులో చూడండి. తడి రాయిని చూసి తీర్పు చెప్పకండి, గుంటలు దాక్కుంటాయి. గుంట మిగిలిన ప్రతి రాయీ మళ్లీ మొదటి దశకే వెళ్లాలి, రెండు మూడు వారాలు పట్టినా సరే. ముతక దశలో వదిలేసిన గుంటను తర్వాతి పొడులేవీ తీయలేవు. మసక రాళ్లలో చాలావరకు ఇక్కడే పాడవుతాయి.

తర్వాత 120/220, ఆపైన 500, చివరికి పాలిష్ పొడి, అంటే సీరియం ఆక్సైడ్ లేదా అల్యూమినియం ఆక్సైడ్, ఒక్కోటి వారం. దశ మారినప్పుడల్లా రాళ్లను, పీపాను, మూత గాడిని పాత పళ్లతోముడు బ్రష్షుతో కడగాలి. ఒక్క ముతక రేణువు మిగిలినా పాలిష్ పోతుంది. వీలైతే పాలిష్‌కు వేరే పీపా కేటాయించండి.

ప్రశ్న: యంత్రం కొనలేను. చేత్తో లాకెట్టు రాయి తయారవుతుందా? (పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: అవుతుంది, ఓపిక కావాలి. ఏటి ప్రవాహమే 5, 6 మిల్లీమీటర్ల మందంతో బిళ్లలా అరగదీసిన రాయిని ఎంచుకోండి, సగం పని తప్పుతుంది. గ్రానైట్ పాలిష్‌కు వాడే డైమండ్ ప్యాడ్‌లు 50, 100, 200, 400, 800, 1500, 3000 నంబర్లలో దొరుకుతాయి. వాటర్ పేపర్ అగేట్ మీద త్వరగా చచ్చుబడుతుంది, ప్యాడ్‌లే నయం.

ఆకారమంతా 50, 100లోనే తేల్చేయండి. రాయిని కరిగించిన లక్కతో పుల్లకు అంటించుకుంటే పట్టు దొరుకుతుంది. పైభాగాన్ని గుమ్మటంలా వంచి, ఊపుతూ రుద్దండి. ఒకేచోట రుద్దితే చదును పడుతుంది, మెరిశాక అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అడుగు అంచును అర మిల్లీమీటరు ఏటవాలుగా తీయండి, లేదంటే బిగించేటప్పుడు పెచ్చు లేస్తుంది.

నంబరు మార్చినప్పుడల్లా రాయంతా మార్కర్‌తో నల్లగా పూసి, ముందటి దిక్కుకు అడ్డంగా రుద్దండి. సిరా మిగిలిన చోట పాత గీత మిగిలినట్టే. 3000 అయ్యాక సీరియం ఆక్సైడ్‌ను మజ్జిగ చిక్కదనంలో కలిపి తోలు ముక్క మీద రాసి రుద్దండి. తోలు కాస్త ఆరి పట్టేస్తున్నప్పుడు మెరుపు వస్తుంది. రాయి చేతికి వేడిగా తగిలితే ఆపండి, వేడికి నెర్రెలిస్తుంది.

ప్రశ్న: రంధ్రం వేస్తుంటే అవతలి వైపు పెచ్చు ఊడిపోతోంది. (పాఠకుడు, కరీంనగర్)

జవాబు: బిట్ బయటికి వచ్చేచోట వెనక ఆధారం లేక అలా జరుగుతుంది. రాయిని చెక్క మీద లక్కతో గట్టిగా అంటించి, మునిగేలా పళ్లెంలో నీళ్లు పోయండి. 1.5 లేక 2 మిల్లీమీటర్ల డైమండ్ బిట్‌ను మొదట ఏటవాలుగా ఆనించి చిన్న గాడి పడ్డాక నిటారుగా నిలపండి. రెండు మూడు సెకన్లకోసారి ఎత్తితే పిండి బయటికి వచ్చి నీరు లోపలికి వెళ్తుంది. సగం లోతు అయ్యాక తిప్పి రెండోవైపు నుంచి వేయండి. అంచుకు 3 మిల్లీమీటర్లయినా ఎడం ఉంచండి. నీళ్లున్న చోట బ్యాటరీ డ్రిల్లే వాడాలి, కరెంటు డ్రిల్లు ప్రాణం మీదికి తెస్తుంది.

ప్రశ్న: బురద సింకులో పోయొచ్చా? ఎక్కడైనా రాళ్లు ఏరుకోవచ్చా? (పాఠకురాలు, భద్రాచలం)

జవాబు: సింకులో వద్దు, పైపులో గట్టిపడి అడ్డం కొడుతుంది. బకెట్‌లో తేర్చి పైనీరు వంపేసి, అడుగు ముద్దను చెత్తలో వేయండి. ఎండిన పొడిని చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి. అందులోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. గుజరాత్‌లోని ఖంభాత్‌లో అగేట్ సానపట్టే కార్మికులెందరో ఆ జబ్బుతోనే పోయారు. అందుకే పొడిగా సానపట్టడం ఒక్క నిమిషమైనా వద్దని గట్టిగా చెబుతున్నాం.

మీకు దగ్గర్లోని పాపికొండల నేషనల్ పార్కులో ఏరకండి. అటవీ చట్టం ప్రకారం అడవిలోని రాయి కూడా అటవీ ఉత్పత్తే. మిగతా చోట్ల వరద తగ్గాక జనవరి నుంచి మే దాకా మేటలు బయటపడతాయి. దిగే ముందు ఎగువ ప్రాజెక్టు గేట్లు ఎత్తుతున్నారేమో కనుక్కోండి.