జరిమానా ఆ చోటును నడిపేవారికి పడాలి

బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడంపై నిషేధం ఉన్నా అది ఎందుకు అమలు కావడం లేదు, జరిమానా పెంచితే మార్పు వస్తుందా అని మీరు అడిగారు. పొగతాగేవారి మీద వేసే జరిమానాను ఎంత పెంచినా పెద్దగా ఫలితం ఉండదని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకం నాకు ఒక ఆసుపత్రి వరండాలో కలిగింది.

జీవితంలో ఒక్క సిగరెట్టు కూడా ముట్టని మా నాన్నగారిని ఊపిరితిత్తుల వ్యాధితో అక్కడ చేర్చాము. వార్డులో గాలి ఆడక ఆయన అవస్థ పడుతుంటే, సాయంత్రం పూట చక్రాల కుర్చీలో వరండాలోకి తీసుకువచ్చి కూర్చోబెట్టేవాణ్ణి. రెండో రోజు మాకు నాలుగడుగుల దూరంలో ఒకాయన సిగరెట్టు వెలిగించాడు. ఆయన తల వెనక గోడ మీద ‘పొగతాగరాదు’ అన్న బోర్డు ఉంది. సరిగ్గా ఆ బోర్డు కిందే ఇసుక నింపిన బకెట్టు, ఆ ఇసుక నిండా గుచ్చిన పీకలు ఉన్నాయి. నాన్నగారికి దగ్గు తెర మొదలైంది. నేను లేచి వెళ్లి, “పేషెంటు ఉన్నారండీ, దయచేసి ఆర్పేయండి” అని అడిగితే, “ఇది బయటే కదండీ” అన్నాడాయన. కాపలా ఉన్న గార్డును పిలిస్తే, “అందుకే కదా సార్ బకెట్టు పెట్టారు” అన్నాడు. దగ్గుతూనే నాన్నగారు నా చెయ్యి పట్టుకుని, “వదిలెయ్యరా, లోపలికి పోదాం” అన్నారు. ఊపిరాడని మనిషిని నేనే మళ్లీ ఆ ఉక్కలోకి తోసుకుపోయాను.

ఆ రాత్రికి ఆ మనిషి ముఖం దాదాపు మరచిపోయాను గానీ, ఆ బకెట్టు మాత్రం కళ్ల ముందు నుంచి కదలలేదు. ఎవరో దాన్ని తెచ్చి పెట్టారు, ఎవరో ఇసుక నింపారు, రోజూ ఎవరో పీకలు ఏరుతున్నారు. అంటే నిషేధాన్ని ఉల్లంఘించడానికి కావలసిన ఏర్పాటును ఆసుపత్రివారే స్వయంగా చేశారన్నమాట.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చొరవతో కుదిరి 2005లో అమల్లోకి వచ్చిన పొగాకు నియంత్రణ ఒప్పందానికి సంబంధించి, ఇతరులు వదిలే పొగ నుంచి ప్రజలను కాపాడాలనే 8వ అధికరణం అమలు కోసం 2007లో ఆమోదించిన మార్గదర్శకాలు ఈ సంగతిని స్పష్టంగానే చెబుతాయి. బోర్డులు పెట్టడంతో పాటు యాష్‌ట్రేలను తొలగించడం, ఎవరైనా వెలిగిస్తే ఆపడానికి తగిన చర్యలు తీసుకోవడం కూడా ఆ ప్రాంగణాన్ని నడిపేవారి బాధ్యతే. అదే ఏడాది జూలై 1న అమల్లోకి వచ్చిన ఇంగ్లండ్ నిషేధంలో పొగతాగినవారికి కోర్టు విధించగల గరిష్ఠ జరిమానా 200 పౌండ్లయితే, వారిని ఆపని నిర్వాహకులకు 2,500 పౌండ్ల వరకు పడవచ్చు. అంతకు ముందే, 2004 మార్చి 29న, ఐర్లండ్ పబ్బుల్లో సైతం పొగను నిషేధించి, బాధ్యతను వాటిని నడిపేవారి మీద కూడా పెట్టింది. పబ్బుల్లో ఇది జరిగే పని కాదన్నవారు అప్పుడు చాలామందే ఉన్నారు, కానీ తాగేవారు లేచి బయటికి వెళ్లడం అలవాటు చేసుకున్నారు. ప్రతి మూలకూ ఒక పోలీసును పంపడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు, కానీ ప్రతి ప్రాంగణానికీ ఒక యజమానో అధికారో ఉంటారు.

పొగతాగేవారికి వేరే గది కట్టిస్తే చాలదా అనే వాదన విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. గదులు విడదీసినా, గాలిని శుభ్రం చేసినా, ఫ్యాన్లు పెట్టినా ఇతరులకు పొగ సోకకుండా పూర్తిగా ఆపలేమని, ప్రమాదం లేని మోతాదు అంటూ ఏదీ లేదని అమెరికా ప్రభుత్వంలో ప్రజారోగ్య ఉన్నతాధికారి అయిన సర్జన్ జనరల్ 2006 నివేదిక తేల్చిచెప్పింది. తలుపు తెరిచిన ప్రతిసారీ పొగ బయటికి వస్తుంది. ఆ గదిని ఊడ్చే మనిషి ఊపిరితిత్తుల గురించి అసలు ఎవరూ మాట్లాడరు.

మర్నాడు నేను పరిపాలనాధికారిని కలిసి, పొగతాగినాయన ప్రస్తావన తేకుండా, ఆ బకెట్టు ఎవరి అనుమతితో అక్కడ ఉందో రాతపూర్వకంగా చెప్పమని అడిగాను. సాయంత్రానికి బకెట్టు మాయమైంది, గార్డు కుర్చీ బోర్డు పక్కకు వచ్చింది. మేము అక్కడున్న మిగిలిన నాలుగు రోజుల్లో ఆ వరండాలో ఎవరూ సిగరెట్టు వెలిగించగా నేను చూడలేదు. ఒక్క వరండా అనుభవమే కావచ్చు గానీ, ఎక్కడైనా ఇలాగే జరుగుతుందని నేను నమ్ముతున్నాను. అందువల్ల మీరు ఫిర్యాదు రాసేటప్పుడు పొగతాగినవారెవరో వెతుక్కోకండి. ఆ చోటు ఎవరి అధీనంలో ఉందో తెలుసుకుని వారి పేరనే రాయండి.