తెల్లగోడల వెనక చలికాలం

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే మాట చుట్టూ తిరిగాయి: స్కాండినేవియన్ డిజైన్, అంటే స్వీడన్, డెన్మార్క్, నార్వేల తీరు. ఇంటీరియర్ వాళ్లు దాన్ని ప్యాకేజీ పేరుగా చెబుతున్నారు, పిల్లలు ఫోన్లో ఫొటోలు తీసి చూపిస్తున్నారు, ఆఖరికి లోగోలు చేసేవాళ్లు కూడా ఆ పేరే వాడుతున్నారు. అందుకని ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేశాను.

ప్రశ్న: మాది త్రీ బెడ్‌రూమ్ ఫ్లాట్. డిజైనర్ "స్కాండినేవియన్ థీమ్" అని గోడలు, కప్‌బోర్డులు, కిచెన్ అన్నీ తెలుపే వేద్దామంటున్నారు. ఫొటోలు నాకు నచ్చాయి. మా అత్తగారు మాత్రం ఇల్లు ఆస్పత్రిలా ఉంటుందంటున్నారు. ఎవరి మాట వినాలి? – ఓ పాఠకురాలు, కొండాపూర్

నేను మీ అత్తగారి పక్షం. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

స్టాక్‌హోమ్ భూమధ్యరేఖకు 59 డిగ్రీల ఉత్తరాన ఉంది. డిసెంబర్‌లో అక్కడ పగలు ఆరు గంటలే, మధ్యాహ్నం మూడు కాకముందే పొద్దు గూకుతుంది. ఆ ఉన్న వెలుతురు కూడా ఏటవాలుగా, నీరసంగా వస్తుంది. దాన్ని ఒక్క చుక్క కూడా పోనివ్వకూడదని గోడలకు తెలుపు వేస్తారు, బిర్చ్, పైన్, బీచ్ లాంటి లేతరంగు చెక్కలు వాడతారు, కిటికీలకు మందపాటి కర్టెన్లు కట్టరు. ఆ తెలుపు పుట్టింది వెలుతురు కరువులోంచి. మనకున్నదేమో వెలుతురు వరద. హైదరాబాద్ 17 డిగ్రీల మీద ఉంది, ఏప్రిల్ నెలలో మధ్యాహ్నం మూడింటికి పడమటి కిటికీ ఎదురుగా తెల్లగోడ పెట్టుకుని కూర్చుంటే కళ్లు చికిలించుకోవాల్సిందే. మన పెద్దవాళ్లు అందుకే చూరు దించి, వసారా వేసి, వట్టివేళ్ల తడికెలు కట్టి ఆ వెలుతురును వడగట్టుకున్నారు. వాళ్లు చేసిందీ స్వీడన్‌వాళ్లు చేసిందీ నిజానికి ఒకే పని, తమ ఆకాశాన్ని చూసి ఇల్లు కట్టుకోవడం.

ఆస్పత్రి అన్నారు కాబట్టి ఒక ఆస్పత్రి గురించే చెప్పాలి. ఫిన్లాండ్‌లో పైమియో అనే ఊళ్లో 1933లో క్షయ రోగుల కోసం శానిటోరియం తెరిచారు, ఆల్వార్ ఆల్టో దాని ఆర్కిటెక్ట్. (ఫిన్లాండ్‌ను భూగోళం లెక్కన స్కాండినేవియాలో కలపరు, డిజైన్ మాటల్లో మాత్రం అందరూ కలిపేస్తారు, నేనూ కలిపేస్తున్నాను.) రోగి రోజంతా వెల్లకిలా పడుకుని చూసేది సీలింగునే కదా అని ఆయన గదుల్లో సీలింగుకు ముదురు ఆకుపచ్చ వేయించారు, కళ్లకు హాయిగా ఉండాలని. గదికి ఇద్దరు రోగులు, ఒకరు చేతులు కడుక్కుంటుంటే ఆ నీళ్ల చప్పుడుకు రెండోవాళ్లకు నిద్ర చెడకూడదని వాష్‌బేసిన్ వాలు కూడా అందుకు తగ్గట్టు మలిచారు. ఊపిరి తేలిగ్గా ఆడేలా కుర్చీ వీపు కోణం లెక్కేశారు. నాకు ఆ పద్ధతి మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైనది ఈ వాష్‌బేసినే. మీ డిజైనర్ గారు తెలుపు గురించి చెప్పారు సరే, మీ ఇంట్లో ఎవరు ఎక్కడ పడుకుని ఏం చూస్తారో అడిగారా?

పైగా అక్కడ రంగులు లేవన్నది ఉట్టి మాట. స్టాక్‌హోమ్‌లో స్వెన్స్క్‌ట్ టెన్ అనే దుకాణం 1924 నుంచి ఉంది, ఆస్ట్రియా నుంచి వచ్చి స్థిరపడిన జోసెఫ్ ఫ్రాంక్ దానికోసం గీసిన బట్టల నిండా పూలు, తీగలు, పక్షులే. మన కలంకారీ చూసిన కంటికి అవి వెంటనే దగ్గరవుతాయి.

మీరేం చేయాలంటే, గోడలకు మీగడ రంగో లేత ఇసుక రంగో మెరుపు లేకుండా వేయించండి. రంగు ఖాయం చేసే ముందు గోడ మీద రెండడుగుల మేర పూయించి పొద్దున, మిట్టమధ్యాహ్నం, రాత్రి చూడండి. కిచెన్‌లో తెల్ల లామినేట్ వద్దే వద్దు, పోపు నూనె, పసుపు కలిసి హ్యాండిల్ చుట్టూ ఆర్నెల్లలో ఎలా అవుతుందో నేను ఎన్ని ఇళ్లలో చూశానో. అక్కడి నుంచి తెచ్చుకోవాల్సింది ఏమైనా ఉంటే అది కాళ్ల మీద నిలబడే ఫర్నిచర్. సోఫా, టీవీ యూనిట్ నేల నుంచి అరడుగు ఎత్తులో ఉంటే చీపురు లోపలిదాకా పోతుంది, గది కూడా విశాలంగా కనిపిస్తుంది.

ప్రశ్న: తాతగారి నాటి టేకు కుర్చీలు నాలుగు, ఒక వాలుకుర్చీ ఉన్నాయి. పేము అల్లిక తెగిపోయింది. పిల్లలు వాటిని అమ్మేసి "నార్డిక్ స్టైల్" సెట్ కొందామంటున్నారు. మీరేమంటారు? – ఓ పాఠకుడు, రాజమండ్రి

అమ్మకండి సార్, దయచేసి. మీ పిల్లలకు ఈ జవాబు చదివి వినిపించండి.

1950లు, 60లలో డెన్మార్క్ నుంచి ప్రపంచమంతా వెళ్లిన బల్లలు, కుర్చీలు, సైడ్‌బోర్డుల్లో చాలా భాగం టేకువే. డెన్మార్క్‌లో టేకు చెట్టు పెరగదు, ఆ కర్రను ఆగ్నేయాసియా నుంచి ఓడల్లో తెప్పించుకునేవారు. ఇవాళ వేలంపాటల్లో కొనేది ఆ పాత టేకునే. అలాంటిది మీ ఇంట్లో ఉన్న టేకును అమ్మి, నార్డిక్ పేరుతో రంగు కాగితం అంటించిన చెక్కపొట్టు బోర్డు కొంటామంటే ఏమనాలి?

హాన్స్ వెగ్నర్ అని డెన్మార్క్‌లో ఒకాయన, చెప్పులు కుట్టే ఆయన కొడుకు, చిన్నప్పుడే వడ్రంగం నేర్చుకుని జీవితకాలంలో అయిదు వందలకు పైగా కుర్చీలు గీశారు. 1949లో ఆయన గీసిన రెండు కుర్చీల గురించి చెప్తాను. ఒకటి గుండ్రటి వీపు కుర్చీ. 1960లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీపడిన కెనెడీ, నిక్సన్ టీవీలో వాదించుకున్నప్పుడు కూర్చున్నది అందులోనే. తొలి కుర్చీలకు వీపు చుట్టూ పేము చుట్టేవారు, కూర్చునే చోటూ పేము అల్లికే. రెండోది విష్‌బోన్ కుర్చీ, 1950 నుంచి ఇప్పటిదాకా ఆపకుండా చేస్తున్నారు. దాని సీటును సుమారు 120 మీటర్ల కాగితపు తాడుతో చేత్తోనే అల్లుతారు. కోపెన్‌హాగన్‌లో డిజైన్ మ్యూజియంలో కుర్చీల కోసం ఒక పొడవాటి నడవ ఉంది, అక్కడ దీని ముందు వంగి సీటు అడుగుభాగం చూశాను. నాలుగు మూలల నుంచి తాడు నడిమికి వచ్చి కలుస్తుంది, ఎక్కడా వదులు లేదు, పైన ఎంత శుభ్రంగా ఉందో కిందా అంతే. మా అమ్మమ్మ ఊళ్లో నులక మంచం బిగించే తాత గుర్తొచ్చాడు. కాలు పట్టీకి తన్ని నులక లాగేవాడు, వేలితో మీటి చూసి మోగితేనే ముడేసేవాడు.

ఇక మీ కుర్చీల సంగతి. పాత మెరుపు పాలిష్‌ను ఉప్పుకాగితంతో మెల్లగా తీయించండి. కర్ర పోగు వెంబడే రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీతలు పోవు. మళ్లీ మెరుపు పాలిష్ కొట్టించకుండా అవిసె నూనె పలచగా పట్టించి తుడిచేస్తే చాలు. తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేయొద్దు, వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది, విప్పి ఆరేయండి. అల్లిక తెలిసిన మనిషి కోసం కాస్త వెతకాలి, పాత కచేరీల్లో, లైబ్రరీల్లో కుర్చీలు ఎవరు అల్లుతున్నారో అడిగితే దొరుకుతారు. చేతులు ఆనే చోట నున్నగా అరిగి ఉంటుంది చూడండి, అక్కడ మాత్రం ఉప్పుకాగితం ముట్టనివ్వకండి. అది మీ తాతగారి చెయ్యి చేసిన పాలిష్.

ప్రశ్న: హాల్లో లైటింగ్‌కు చాలా ఖర్చు పెట్టాం. సీలింగ్ నిండా ఎల్‌ఈడీలే. అయినా సాయంత్రం అక్కడ కూర్చోబుద్ధి కావడం లేదు, తలనొప్పి. కారణం? – ఓ పాఠకురాలు, హనుమకొండ

బల్బు వెలుగు నేరుగా కంట్లో పడుతోంది, అదే కారణం. డెన్మార్క్‌లో పౌల్ హెన్నింగ్సెన్ అనే ఆయన ఏళ్ల తరబడి ఈ సమస్య మీద కూర్చున్నారు. కిరసనాయిలు దీపాల వెలుగులో పెరిగిన మనిషి, కరెంటు బల్బు వచ్చాక ఇళ్లలో ఆ మెత్తదనం పోయిందని బాధపడ్డారు. ఒకదాని కింద ఒకటిగా రేకులు అమర్చి, ఎటు నుంచి చూసినా బల్బు కనిపించకుండా, వెలుగు మాత్రం మెత్తగా కిందికి జారేలా దీపం చేశారు. 1958లో వచ్చిన ఆయన పీహెచ్ 5 దీపాన్ని అక్కడ భోజనాల బల్ల మీద బాగా కిందికి వేలాడదీస్తారు. మీరు అది కొనక్కర్లేదు. సీలింగ్ లైట్లు సాయంత్రం ఆర్పేసి, రెండు మూలల్లో కంటి ఎత్తుకు కిందుగా షేడ్ ఉన్న దీపాలు పెట్టుకోండి. బల్బు పెట్టె మీద 6500 అని ఉంటే అది ట్యూబ్‌లైట్ తెలుపు, 2700 ఉన్న పసుపు వెలుగుది తీసుకోండి.

ప్రశ్న: మేం స్వీడన్ వచ్చి ఏడాది. అద్దె ఫ్లాట్. తక్కువలో మంచి ఫర్నిచర్ ఎలా? ఇంకోటి, దీపావళికి కిటికీలో పెట్టిన దీపాలు తీయబుద్ధి కావడం లేదు, ఇరుగుపొరుగు ఏమనుకుంటారో అని టెన్షన్. – ఓ జంట, గోథెన్‌బర్గ్

ఉంచేయండి! నవంబర్ చివరికల్లా మీ వీధి వీధంతా కిటికీల్లో కాగితపు నక్షత్రాలు, ఏడు దీపాల కమానులు పెట్టేస్తారు. కిటికీలో దీపం అక్కడ దారిన పోయేవాళ్ల కోసం కూడా. గుమ్మంలో చెప్పులు విప్పడం కూడా మనలాగే, కాబట్టి వాళ్లను భోజనానికి పిలవడానికి అస్సలు మొహమాటపడొద్దు.

ఫర్నిచర్ కొత్తవి కొనకండి. లోప్పిస్ అని పాత సామాన్ల సంతలు ఉంటాయి, పాత సామాన్లు అమ్మే వెబ్‌సైట్ బ్లాకెట్‌లోనూ వెతకండి. స్ట్రింగ్ షెల్ఫ్ దొరికితే వదలొద్దు, నిల్స్, కాయ్‌సా స్ట్రిన్నింగ్ దంపతులు 1949లో చేసిన డిజైన్ అది. రెండు వైపులా నిచ్చెనలాంటి సన్నని తీగ చట్రం, మధ్యలో పలకలు, అంతే. గోడకు వేలాడుతుంది కాబట్టి నేల ఖాళీ, ఇల్లు మారినప్పుడు విప్పి పట్టుకెళ్లొచ్చు. పై పలక మీద దేవుణ్ణి పెట్టుకున్నా చక్కగా ఉంటుంది.

ప్రశ్న: నలుగురం కలిసి పచ్చళ్ల వ్యాపారం పెట్టాం. లేబుల్ చేసిన అబ్బాయి తెల్ల కాగితం మీద బూడిదరంగు సన్నని అక్షరాలు వేసి "స్కాండినేవియన్ మినిమల్" అన్నాడు. షాపులో మా సీసా కనిపించడమే లేదు. – గుంటూరు నుంచి

స్కాండినేవియా బ్రాండ్లు వెలిసిపోయినట్టు ఉంటాయని ఆ అబ్బాయికి ఎవరు చెప్పారో! స్వీడన్ ఫర్నిచర్ కంపెనీ ఐకియా నీలం, పసుపు, అంటే వాళ్ల జెండా రంగులే. డెన్మార్క్ బొమ్మల కంపెనీ లెగో ఎరుపు, పసుపు. ఫిన్లాండ్ బట్టల కంపెనీ మారిమెక్కో పేరు చెబితే గుర్తొచ్చేది మైయా ఇసోలా 1964లో గీసిన పెద్ద పెద్ద గసగసాల పూలు, అదీ అప్పట్లో కంపెనీ నడిపిన ఆర్మి రాటియా పూలు వద్దన్న తర్వాత గీసినవి. వాళ్ల బలం రంగు తగ్గించడంలో లేదు, చెప్పేది ఒకటే పెట్టుకుని దాన్ని అన్నిచోట్లా ఒకేలా చెప్పడంలో ఉంది. స్వీడన్ అయితే బయటి దేశాలతో దేశం తరఫున మాట్లాడడానికి స్వీడన్ సాన్స్ అని ఏకంగా ఒక ఫాంటే చేయించుకుంది.

ఇంకో సంగతి, ఇది మీకు నేరుగా పనికొస్తుంది. 2019లో ఐకియా తన ఫాంట్ మార్చి నోటోకు వెళ్లింది. ఆ ఫాంట్ కుటుంబం ప్రపంచంలోని లిపులన్నిటికీ అక్షరాలు ఉండాలని చేసినది, అందులో మన తెలుగూ ఉంది. సన్నని ఇంగ్లిష్ అక్షరం దూరం నుంచి ఎలాగోలా చదవొచ్చు. తెలుగు అక్షరం అలా కాదు, గోంగూరలో సున్నా, పచ్చడిలో చవత్తు, పైన తలకట్టు, ఇవన్నీ చిన్న చిన్న ముక్కలు. గీత సన్నబడితే ముందు పోయేవి అవే. కాబట్టి లావు అక్షరాలు తీసుకోండి, వత్తులకు కింద చోటు వదలండి. లేబుల్ మీద ముందు "గోంగూర పచ్చడి" పెద్దగా, తర్వాత ఏ నూనె, ఏ రోజు పట్టారు, ఆ తర్వాతే మీ బ్రాండ్ పేరు. రంగు పచ్చడిదే వాడుకోండి, సీసాలోంచి కనిపించే ఆ ఎరుపును మించినది ఏ డిజైనరూ ఇవ్వలేడు.

ప్రశ్న: ఇదంతా డబ్బున్నవాళ్ల ముచ్చట కాదా? – ఓ పాఠకుడు, నల్గొండ

మొదలైంది అందుకు సరిగ్గా ఎదురుగా. స్వీడన్‌లో ఎలెన్ కేయ్ అనే రచయిత్రి 1899లోనే "అందరికీ అందం" అని రాశారు, పేదవాడి గది కూడా అందంగా ఉండాలని. కానీ ఇవాళ వెగ్నర్ కుర్చీ మధ్యతరగతి ఇంటికి అందే ధరలో లేదు, ఆ మాట ఒప్పుకుంటాను. ఐకియా ఇంకో దారి పట్టింది. 1956లో అక్కడ పనిచేసే గిల్లిస్ లుండ్‌గ్రెన్ కారులో పట్టని బల్లకు కాళ్లు విప్పేయడంతో మొదలైన ఆలోచన, బిగించే పని కొన్నవాళ్లకే వదిలి ధర తగ్గించడం. ధర తగ్గింది, దాంతోపాటు రెండేళ్లకోసారి మార్చే అలవాటూ వచ్చింది, అది నాకు నచ్చదు. నాకు సమ్మతమైనది నార్వేలో పీటర్ ఆప్స్విక్ 1972లో చేసిన ట్రిప్ ట్రాప్ లాంటిది. పసిపిల్లకు వేసిన కుర్చీ, పలకలు జరుపుకుంటూ పోతే అదే పిల్ల పెద్దయ్యాకా కూర్చోవచ్చు. మన ఊరి వడ్రంగి చేత గట్టి పీట ఒకటి చేయించినా నా లెక్కలో అదీ ఇదే కోవలోకి వస్తుంది.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న చెక్కపొట్టు బోర్డు బుక్‌షెల్ఫ్ అడుగు అంచు ఉబ్బిపోయింది. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. – ఓ పాఠకురాలు, విశాఖపట్నం

చెక్కపొట్టు బోర్డుకు సముద్రపు గాలి, తడిగుడ్డ రెండూ పడవు. ఉబ్బిన భాగం తగ్గదు. మిగతాది కాపాడుకోవాలంటే కింద రబ్బరు ముక్కలు పెట్టి అరంగుళం లేపండి, బోర్డు అంచు తెరుచుకున్నచోట ఫెవికాల్ పూసి టేపు అంటించండి, ఆ మూల బకెట్ నీళ్లతో కడగడం మానేయండి. తేమ గోడకు పూర్తిగా ఆనించకుండా గాలి ఆడే సందు ఉంచండి. పైన మాత్రం క్లాంప్‌తో గోడకు బిగించి తీరాలి, పిల్లలు పలకలు పట్టుకుని ఎక్కుతారు. ఇది ఈ ఆదివారమే చేయించండి.