పాత్రల కొట్టు వారసుడు మేనేజర్ అవుతానంటే

ప్రశ్న: మాది తిరుపతి గాంధీ రోడ్డులో స్టీలు పాత్రల కొట్టు. మావాడు బీకాం చివరి ఏడాది. ఎంబీఏ చెయ్యరా అంటే వినడం లేదు. ఇంగ్లండులో బీటిల్స్ అనే పాటల బృందానికి మేనేజరుగా చేసిన బ్రయాన్ ఎప్‌స్టీన్ గురించి ఎక్కడో చదివాడు. అప్పట్నుంచీ సినిమావాళ్లకో, యూట్యూబు వాళ్లకో మేనేజర్ అవుతానంటున్నాడు. హైదరాబాదులో ఆరు నెలల కోర్సు ఉందట, ఫీజు రెండు లక్షలు. ఒకరి వెనకాల సంచి మోసే ఖర్మ మా ఇంటి పిల్లోడికెందుకు? ఎంబీఏ మేలో, ఈ కోర్సు మేలో పోల్చి చెప్పండి.

జవాబు: అన్నా, ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఒకప్పుడు మావాడు డైరెక్టర్ అవుతానంటున్నాడని వచ్చేవాళ్లు, తర్వాత యూట్యూబ్ అన్నారు, ఇప్పుడు మేనేజర్. అడిగేవాళ్ల గుబులు మాత్రం ఒకటే. నా తర్వాత కొట్టు తాళాలు ఎవరికివ్వాలి? మీ ఉత్తరంలో నాకు వినిపించింది కూడా అదే. అందుకే పోలిక కాసేపు పక్కన పెడతాను. ముందు మీవాడు చదివిన మనిషి సంగతి మీరూ తెలుసుకోవాలి.

ఎప్‌స్టీన్‌ది కూడా కొట్టు కుటుంబమే. లివర్‌పూల్‌లో వాళ్లకు ఫర్నిచర్ వ్యాపారం. 1934లో పుట్టాడు. పదిహేనేళ్ల వయసులో, ఆడవాళ్ల దుస్తులు డిజైన్ చేస్తానని వాళ్ల నాన్నకు ఉత్తరం రాస్తే ఆయన ససేమిరా అన్నాడు. చదువు ఆపేసి కొట్లో కూర్చున్నాడు. తర్వాత లండన్ వెళ్లి నటన నేర్పే రాడా అకాడమీలో చేరాడు, అదీ మధ్యలో వదిలేసి ఇంటికొచ్చాడు. మీరైతే ఏమనేవారో నేను ఊహించగలను. వాళ్ల నాన్న మాత్రం కొత్త షాపులో గ్రామఫోను రికార్డుల విభాగాన్ని కొడుకు చేతికిచ్చాడు. ఎవరేం అడిగినా లేదనకుండా తెప్పించి ఇవ్వడం అక్కడ ఆయన పెట్టుకున్న పట్టుదల. మేనేజరుకు కావలసిన మొదటి పాఠం ఆయనకు ఆ కౌంటరు దగ్గరే దొరికింది.

1961 నవంబరు 9 మధ్యాహ్నం, షాపుకు కూతవేటు దూరంలో కావెర్న్ అనే నేలమాళిగ క్లబ్బులో ఆ బీటిల్స్ కుర్రాళ్లను చూశాడు. తోలు జాకెట్లు, స్టేజీ మీదే తిండి, సిగరెట్లు. వాళ్లకు సూట్లు తొడిగించాడు. పాటయ్యాక అందరూ ఒక్కసారే వంగి నమస్కరించడం అలవాటు చేశాడు. డెక్కా అనే రికార్డుల కంపెనీ వాళ్లను వద్దంది. టేపులు పట్టుకుని లండన్ గడపలన్నీ తిరిగి, 1962లో ఈఎంఐ అనే మరో రికార్డుల కంపెనీలో పాటల నిర్మాత జార్జ్ మార్టిన్‌ను ఒప్పించాడు. మీరు సంచి మోయడం అన్నది దీన్నే. ఆ ఏడాది జనవరిలో రాసుకున్న మొదటి ఒప్పందం మీద నలుగురు కుర్రాళ్లూ సంతకాలు చేశారు, ఆయన చెయ్యలేదు. తనవల్ల వాళ్లకు మేలు జరక్కపోతే స్వేచ్ఛగా వెళ్లిపోవాలని ఆయన ఉద్దేశం.

తప్పులూ చేశాడు. బీటిల్స్ పేరుతో బొమ్మలు, బ్యాడ్జీలు అమ్ముకునే హక్కులు ఇచ్చినప్పుడు తమ వైపు 10 శాతమే ఉంచుకుని 90 శాతం బయటివాళ్లకు వదిలేశారు. తర్వాత వాటా పెంచుకున్నారు గానీ అప్పటికే పోయింది పోయింది. 1967 ఆగస్టు 27న, నిద్రమాత్రల మోతాదు మించి, 32 ఏళ్లకే కన్నుమూశాడు. ప్రమాదవశాత్తూ జరిగిందని విచారణలో తేల్చారు. వేళకు తిండి, నిద్ర ఉండని పని ఇది. మీవాడు ఈ భాగం కూడా చదివాడో లేదో అడగండి.

ఇంగ్లండు దాకా ఎందుకు, మన చిత్తూరును ఇంటిపేరు చేసుకున్న నాగయ్యగారు లేరా? 1940లలో దక్షిణాదిలో పెద్ద పారితోషికం అందుకున్న నటుల్లో ఆయనొకరు. చెయ్యి చాచినవాళ్లకు లేదనలేదు, సొంతంగా సినిమాలు తీశారు. 1973 చివర్లో పోయేనాటికి చేతిలో ఏమీ మిగల్లేదు. ఆయన్ను తలుచుకున్నప్పుడల్లా, పక్కన కాగితం చదివి ‘వద్దు సార్’ అని గట్టిగా చెప్పే మనిషి ఒకడుంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది నాకు. మీ పిల్లోడు కావాలనుకుంటున్నది అలాంటి మనిషి. దాన్ని పట్టుకుని ఖర్మ అంటారా? పెళ్లి సామాన్లు కొనే ఇంటివాళ్ల ముందు మీరు గంటసేపు నిలబడి గిన్నె తర్వాత గిన్నె తీసి చూపిస్తారు. పేరు కొట్టే కుర్రాడు ఒక అక్షరం తప్పు కొడితే సర్దిచెప్పేది కూడా మీరే. మీ పని గౌరవమైనప్పుడు వాడిదీ గౌరవమైనదే. ఆ మాట వాడి ముందు ఇంకెప్పుడూ అనకండి.

కోర్సు మీద మాత్రం నాకు పెద్ద అనుమానాలున్నాయి. మన దగ్గర ఈ పనికి ప్రవేశపరీక్ష లేదు, లైసెన్సు లేదు, సర్టిఫికెట్ చూసి డేట్స్, అంటే తన షూటింగు తేదీల లెక్క, అప్పగించే నటుడూ లేడు. ఇక్కడి నుంచి వెళ్లిన ఒక అమ్మాయి ఇలాంటి చోటే లక్షన్నర కట్టింది. ఇంటర్న్‌షిప్ పేరుతో మూడు నెలలు కేరవాన్ బయట ఎండలో నిలబడింది, జీతం లేదు. తిరిగొచ్చి నా దగ్గర ఏడ్చింది. ఫీజు కట్టే ముందు ఒకటే అడగండి: పాఠం చెప్పే మనిషి ఇప్పుడు ఎవరి డేట్స్ చూస్తున్నాడు? జవాబు నసిగితే లేచి వచ్చెయ్యండి. ఇక యూట్యూబు, ఇన్‌స్టా వాళ్ల మేనేజ్‌మెంట్. ఈ ఏడాది పది బ్రాండ్లు వస్తాయి, వచ్చే ఏడాది ఫోన్ ఎత్తరు. మేనేజరుకు దక్కేది కమిషనే కాబట్టి వాళ్లు ఖాళీగా ఉంటే వీడూ ఖాళీయే. పైగా వాళ్లు తప్పుదోవ పట్టించే ప్రకటనలో కనిపిస్తే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారే 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు. ఆ ప్రకటన ఒప్పుకోమని చెప్పింది మేనేజరే అయితే, ఆ మనిషి మళ్లీ ముఖం చూస్తాడా?

ఎంబీఏ సంగతి. రెండిట్లో ఒకటే అంటే ఎంబీఏ అంటాను. ఈ దారి కుదరకపోయినా ఆ డిగ్రీ చెల్లుతుంది. కానీ ఇష్టం లేకుండా ఇప్పుడే చేర్పించొద్దు, ఒక ఏడాది ఆగినా కొంప మునగదు. చేతిలో ఉన్న బీకాం తక్కువదేమీ కాదు. చెక్కులో 10 శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే ఆదాయప్పన్ను, ఎందుకు కోశారో, జీఎస్టీ ఎప్పుడు కట్టాలో చెప్పగలిగే కుర్రాడు ఏ ఆర్టిస్టుకైనా కావాలి.

ఆ ఏడాదిలో ఏం చెయ్యాలంటారా? మన పల్లెల్లో ధర్మరాజుల గుళ్ల దగ్గర 18 రోజులు భారతం పెడతారు కదా, పగలు హరికథ, రాత్రి వీధినాటకం. నాటకం పార్టీని మాట్లాడే మనిషి ఒకడుంటాడు. అడ్వాన్సు, బండి, వేషగాళ్ల భోజనాలు, అర్జునుడి వేషగాడికి జ్వరమొస్తే అర్జునుడి తపస్సు ఘట్టంలో ఎక్కే ఆ ఎత్తైన తపస్సు మాను ఎక్కేదెవరు, చివరి రోజు ఎవరికెంత... అన్నీ అతని నెత్తి మీదే. మీవాణ్ణి అతని దగ్గర పెట్టండి. 18 రోజుల లెక్క నోటుబుక్కులో రాయమనండి. దుర్యోధన వధ అయిన మర్నాడు ఆ పుస్తకం తీసుకుని నా దగ్గరికి రమ్మనండి. మీరూ రండి, కొట్టు ఒక పూట మూసినా ఫర్వాలేదు.