డాక్టర్ సలహా: బెట్టింగ్ అప్పుల్లో ఉన్న కొడుక్కి మీ నిద్రమాత్ర ఇవ్వకండి

ప్రశ్న: మా అబ్బాయికి 20 ఏళ్లు, బీటెక్ మూడో ఏడాది. హాస్టల్లో స్నేహితులను చూసి క్రికెట్ బెట్టింగ్ మొదలుపెట్టాడు. లోన్ యాప్‌లలో అప్పు చేసి రూ.1.80 లక్షలు పోగొట్టాడు. ఇంటికి తీసుకొచ్చేశాం. రాత్రుళ్లు నిద్ర పట్టక, ‘నేను లేకపోతే మీకీ బాధ ఉండదు’ అంటున్నాడు. నేను వేసుకునే ఆల్ప్రజోలం సగం మాత్ర ఇస్తున్నాను. కాలేజీ మార్పిస్తే బాగుపడతాడా?
- ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మా, కాలేజీ సంగతి తర్వాత. ‘నేను లేకపోతే’ అన్న మాటను బెదిరింపుగా తీసిపారేయకండి. బెట్టింగ్ అప్పుల్లో కూరుకుపోయిన వారిలో ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువ. ‘చచ్చిపోవాలనిపిస్తోందా’ అని ఇవాళే సూటిగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అవునన్నా, మాట దాటేసినా ఒంటరిగా వదలకుండా వెంటనే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికో, దగ్గర్లోని సైకియాట్రిస్టు దగ్గరికో తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి అర్ధరాత్రయినా ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

ఇక ఆ మాత్ర. మీకు రాసిన మందు పిల్లాడికి ఎలా ఇచ్చారమ్మా? చనిపోవాలన్న ఆలోచన ఉన్నవాడికి స్ట్రిప్పు అందుబాటులో ఉండకూడదు. మద్యం తాగితే ఈ మందుతో శ్వాస మందగించవచ్చు. తాగుతాడో లేదో మీరు రాయలేదు. వారాల తరబడి వేసుకుంటే అలవాటవుతుంది, అప్పుడు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. కాబట్టి ఎన్నాళ్లుగా ఇస్తున్నారో డాక్టరుకు దాచకుండా చెప్పి, వారు చెప్పినట్టే ఆపండి. అంతవరకు స్ట్రిప్పు తాళం వేసి ఉంచండి.

బెట్టింగ్ మొదలైన రోజుల్లో నిద్ర లేకున్నా విపరీతమైన హుషారు, ఆగని మాటలు, దుబారా కనిపించాయా? అలాగైతే బైపోలార్ సమస్య (అతి హుషారు, కుంగుబాటు మారిమారి వచ్చే మానసిక జబ్బు) ఉందేమో చూడాలి. స్వయంగా పరీక్షించకుండా నేను తేల్చలేను.

స్నేహితుల ప్రభావం నిజమే. గెలిచినప్పటి స్క్రీన్‌షాట్ గ్రూపులో పెడతారు, ఓడిన సంగతి ఎవరూ పెట్టరు. కానీ కాలేజీ మారినా ఫోన్ జేబులోనే ఉంటుంది కదా. తెలంగాణలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2017లోనే నిషేధించారు, 2025లో కేంద్రమూ చట్టం తెచ్చింది. అయినా లింకులు వస్తూనే ఉన్నాయి. పోయిన డబ్బు మళ్లీ ఆడి రాబట్టాలన్న తపన బెట్టింగ్ వ్యసనమనే జబ్బు లక్షణం. దానికి కౌన్సెలింగ్ కావాలి, తిట్లు పనిచేయవు.

అప్పు తీర్చాల్సి వస్తే డబ్బు అబ్బాయి చేతికి ఇవ్వకుండా మీరే కట్టండి. లోన్ యాప్ వాళ్లు ఫొటోలతో బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రల స్ట్రిప్పు, అప్పుల లెక్క రెండూ తీసుకెళ్లండి.